పైట కింద బ్యాడ్జి

బరంపురం

చిరంజీవి బాబుకి,

ఆశీస్సులు. ఛత్రపురం దగ్గర రేడియేషన్ ల్యాబు బాధ్యత నీకొచ్చిందనీ, వచ్చే నెల ఇద్దరు అమ్మాయిలు చేరుతున్నారనీ మీ అమ్మ చెప్పింది. పూలగుత్తి సంగతి తర్వాత. ముందు చేతి తొడుగుల డబ్బాలు తెరిచి చూడు. అన్నీ ఏడున్నర సైజే అయితే ఆరు, ఆరున్నర ఇవాళే తెప్పించు. వేలి కొసన మిగిలిన రబ్బరు సీసా మూతలో ఇరుక్కుంటుంది, రేడియోధార్మిక ద్రావణం ఒలుకుతుంది. ఆనక "ఆడపిల్లలకి చెయ్యి కుదురు లేదు" అనేవాళ్లు తయారు. గ్లవ్ బాక్సు (చేతులు దూర్చి పనిచేసే మూసిన పెట్టె) రంధ్రాలు ఎత్తుగా ఉంటే కింద జారని పీట వేయించు. మునివేళ్ల మీద నిలబడి ఎవరూ సరిగ్గా పని చెయ్యలేరు.

ఒంటికి తగిలిన రేడియేషన్‌ని లెక్కకట్టే టీఎల్‌డీ బ్యాడ్జి ఛాతీ మీద పెట్టుకోమని చెప్పేసి ఊరుకోకు. లోపలి కార్డులో మూడు బిళ్లలుంటాయి. ఒకదాని మీద లోహపు ఫిల్టరు, ఇంకోదాని మీద ప్లాస్టిక్, మూడోదాని ముందు ఖాళీ కిటికీ. ఆ కిటికీ తేలిగ్గా ఆగిపోయే బీటా రేడియేషన్ కోసం. దానిమీద పైటో చున్నీయో పడితే బీటా కొంత గుడ్డలోనే ఆగిపోయి లెక్క తక్కువ వస్తుంది. అందుకని చున్నీ కోటు లోపల, బ్యాడ్జి కోటు బయట. సీసం ఏప్రాన్ వేసుకునే ఎక్స్‌రే పనిలో మాత్రం బ్యాడ్జి ఏప్రాన్ కిందే ఉండాలి. ఆ ఏప్రాన్ చంక దగ్గర వదులైతే రొమ్ము పక్క భాగానికి రక్షణ ఉండదు, చిన్న సైజు కొను. గామా కిరణాలు వదిలే సీజియం 137 దగ్గర ఆ ఏప్రాన్‌ని నమ్ముకోవద్దని కూడా చెప్పు. అర మిల్లీమీటరు సీసం ఆ గామాలో నూటికి ఆరు పాళ్లే ఆపుతుంది, మోసినందుకు నడుం నొప్పి మిగులుతుంది.

మోనజైటు (థోరియం ఉండే ఇసక ఖనిజం) ధూళి పనైతే మాస్కు అంచు ఆమె చెంపకి ఆనుతోందో లేదో పరీక్షించు. ఊపిరితో లోపలికి పోయిన ధూళి వదిలే ఆల్ఫా రేడియేషన్ బ్యాడ్జికి తెలియదు.

అసలు జాగ్రత్త కడుపుతో ఉన్నప్పుడు. ఏఈఆర్‌బీ (అణుశక్తి నియంత్రణ మండలి) పరిమితి మామూలు ఉద్యోగికి అయిదేళ్ల సగటున ఏడాదికి 20 మిల్లీసీవర్టులు (ఒంటికి తగిలే రేడియేషన్ కొలత అది), ఏ ఒక్క ఏడాదీ 30 దాటకూడదు. గర్భం సంగతి తెలియజేశాక, మిగిలిన నెలలన్నిటికీ కలిపి బిడ్డకి 1 మిల్లీసీవర్టు. పదో వారంలో చెప్పిందనుకో, ఇంకా 30 వారాలు, వారానికి 40 గంటలు, మొత్తం 1,200 గంటలు. అంటే గంటకి సుమారు 0.8 మైక్రోసీవర్టు (మిల్లీసీవర్టులో వెయ్యో వంతు మైక్రోసీవర్టు). మీ తీరపు ఇసకలో థోరియం ఉంది కనక ఇసక నుంచి సహజంగా వచ్చే రేడియేషన్‌ని ముందే కొలిచి తీసెయ్యి, లేకపోతే లెక్కంతా తప్పుతుంది. మూడు నెలలకోసారి చదివే టీఎల్‌డీని నమ్ముకుంటే చెయ్యి దాటిపోయాక తెలుస్తుంది. అప్పటికప్పుడు అంకె చూపే జేబు డోసిమీటరు ఇచ్చి, రోజూ సాయంత్రం పుస్తకంలో రాయించు.

ఆమె గర్భం మాట నీకూ, రేడియేషన్ సేఫ్టీ ఆఫీసరుకీ తప్ప మూడో చెవిన పడకూడదు. "పాపం, ఇంట్లో ఉండనీ" అని ప్రాజెక్టులోంచి పేరు తీసేస్తే అది దయ కాదు. తెరిచిన ద్రావణాలూ ధూళీ తప్పించు. డిటెక్టరు డేటా, సిమ్యులేషన్లు ఆమెకే ఉంచు. పాలిచ్చే తల్లికీ తెరిచిన ద్రావణాలు వద్దు.

బయటికొచ్చే చోట ఒంటిని రేడియేషన్ పట్టే ప్రోబుతో తడిమి చూసేది ఆడమనిషే కావాలి. సెంటీమీటరు దూరంలో, సెకనుకి అయిదు సెంటీమీటర్లకి మించకుండా కదపాలి; మగవాడు చేస్తే ఇద్దరూ సిగ్గుపడి హడావిడిగా ముగిస్తారు, మరక దొరకదు. బట్టలు విప్పాల్సొస్తే మార్చుకోడానికి వేరే గది, ఉతికిన జత ఉండాలి. జడకి అంటితే తల వెనక్కి వంచి గోరువెచ్చని నీళ్లు, సబ్బుతో కడగాలి, మొహం మీదికి కారనివ్వకూడదు. కత్తెర ఆఖరి మాట. గాజులు తొడుగుల్ని చింపుతాయి, మంగళసూత్రం వంగినప్పుడు బల్లకి తగులుతుంది. "తీసెయ్" అని హుకుం వెయ్యకు. కారణం చెప్పు, తాళమున్న చిన్న పెట్టె చూపించు.

రాత్రి కౌంటింగ్ (నమూనాల రేడియేషన్ కొలిచే పని) ఉంటే బరంపురంలో గుమ్మం దాకా బండి పంపు. పదిమంది, అంతకు మించి పనిచేసే చోట లైంగిక వేధింపుల ఫిర్యాదులు వినే అంతర్గత కమిటీ చట్టం చెప్పిందే, పేర్లు గోడకి అంటించు.

ఇంకో ఆడమనిషిని మర్చిపోతావేమో, గది తుడిచే ఆవిడ. ఆ గదిలోకి వెళ్తే ఆవిడకీ బ్యాడ్జి కావాలి. రేడియోధార్మిక చెత్త వేసే పసుపు డబ్బా ఎందుకు ముట్టుకోకూడదో తెలుగులో చెప్పు. గోడ మీది ఇంగ్లీషు, ఒడియా బోర్డులు ఆవిడ చదవలేదు.

ఇట్లు
పెద్దమ్మ