సూదంటే భయమని ముందే చెప్పు

చిరంజీవి రఘుకు,
అత్త దీవెనలు.

సరిత ఫోన్ చేసింది. రెండో కీమోకి ముందు చేయించుకోవాల్సిన రక్తపరీక్షని ఆఫీసులో పని ఉందంటూ వాయిదా వేస్తున్నావట. ఆ పనేమిటో నాకు తెలుసు నాయనా. ఫోన్లో అడిగితే "ఏం లేదత్తా, బాగానే ఉన్నా" అని మాట దాటేస్తావు. అందుకే కూర్చుని రాస్తున్నాను. చెన్నైలోనే ఉంటూ పెరంబూరు నుంచి వేళచ్చేరికి ఉత్తరమేమిటి అనుకోకుండా తీరిగ్గా చదువుకో.

ముందు ఆ సిగ్గు వదిలెయ్. నేను పనిచేసిన కీమో వార్డులో సూది చూసి కళ్లు తిరిగి పడిపోయినవాళ్లలో లారీ డ్రైవర్లున్నారు, కండలు తిరిగిన కుర్రాళ్లున్నారు. ఇది పిరికితనం కాదు. మామూలు భయాల్లో గుండె దడ పెరుగుతుంది, బీపీ పెరుగుతుంది. రక్తం, సూది దగ్గర మాత్రం కొందరికి ముందు పెరిగిన బీపీ ఒక్కసారిగా పడిపోతుంది. చెమటలు పట్టి, చెవుల్లో హోరు పుట్టి, కళ్లు చీకట్లు కమ్ముతాయి. ధైర్యం చెప్పుకున్నంత మాత్రాన ఆగేది కాదది. వంశంలో కూడా వస్తుంది. మీ నాన్నకీ ఉంది, ఎప్పుడూ బయటికి చెప్పుకోలేదంతే.

దీనికి ఒక పద్ధతి ఉంది. స్వీడన్‌కి చెందిన లార్స్ గోరాన్ ఓస్ట్ అనే మనస్తత్వ నిపుణుడు 1980లలో దాన్ని పరీక్షించి చూపించాడు. కుర్చీలో కూర్చుని కాళ్లు, పొట్ట, చేతుల కండలు గట్టిగా బిగించు. ముఖానికి వేడి తగిలేదాకా, అంటే 10, 15 సెకన్లు అలాగే ఉంచు. తర్వాత వదిలెయ్, కానీ పూర్తిగా వాలిపోకుండా మామూలుగా కూర్చో. అర నిమిషం ఆగి మళ్లీ బిగించు. అలా అయిదుసార్లు. బిగించినప్పుడు బీపీ పడిపోదు, కళ్లు తిరగవు. ఈ నాలుగు రోజులూ పూటపూటా చెయ్. సూది గుచ్చేటప్పుడు కాళ్లు, పొట్ట మాత్రమే బిగించు, సూది పడే చేయి వదులుగా ఉండాలి. బయాప్సీ కుట్టు ఇంకా పచ్చిగా ఉంటే మాత్రం ముందు డాక్టర్‌ని అడుగు.

ఇక నర్సుకి చెప్పడం సంగతి. కుర్చీలో కూర్చోగానే, ఆమె చేతికి బెల్టు కట్టక ముందే తమిళంలో చెప్పు: "ఊసి పోట్టా ఎనక్కు మయక్కం వరుం, పడుత్తుక్కిట్టే పోట్టుక్కరేన్." సూది పడితే కళ్లు తిరుగుతాయి, పడుకునే వేయించుకుంటానని. ఒక నర్సుగా చెబుతున్నాను, ముందే చెప్పే మనిషంటే మాకు ఎంతో సులువు. దాచుకుని కుర్చీలోంచి జారి తల పగలగొట్టుకునేవాళ్లతోనే మాకు టెన్షన్. రెండుసార్లు గుచ్చినా నరం దొరక్కపోతే సీనియర్ సిస్టర్‌ని పిలవమని మర్యాదగా అడుగు, ఎవరూ ఏమీ అనుకోరు. అయిపోయాక పది నిమిషాలు పడుకునే ఉండు, గబుక్కున లేవకు.

సూది చేతిలోనే ఉండిపోతుందని నీ భయమని సరిత చెప్పింది. ఉండదు. క్యాన్యులా వేసేటప్పుడు నరం దొరకగానే సూదిని వెనక్కి లాగేస్తాం. లోపల మిగిలేది మెత్తటి ప్లాస్టిక్ గొట్టం. దాని రంగు చూడు: నీలమైతే 22 నంబరు, పసుపైతే 24. నంబరు పెరిగేకొద్దీ గొట్టం సన్నబడుతుంది.

నొప్పి తగ్గడానికి తిమ్మిరెక్కించే క్రీము ఉంటుంది, అందులో లిడోకైన్, ప్రిలోకైన్ అని రెండు మందులు. డాక్టర్‌తో రాయించుకో. కనీసం గంట ముందు మందంగా పెట్టి, పైన ప్లాస్టిక్ పొర అంటించాలి. రెండు చోట్ల పెట్టుకుంటే ఒక నరం కాకపోతే ఇంకోటి పనికొస్తుంది. ముందురోజు నుంచే నీళ్లు బాగా తాగు. ఏసీ గదిలో చేతులు చల్లబడితే నరాలు కనపడవు, గోరువెచ్చటి తువ్వాలు చుట్టుకో.

నీది హాడ్జ్‌కిన్ లింఫోమా. బాగా నయమయ్యే క్యాన్సర్లలో ఒకటి, కానీ మందు టైముకి పడాలి. రక్తపరీక్ష ఆలస్యమైతే కీమో కూడా ఆలస్యమవుతుంది. పదిహేను రోజులకొకసారి, సైకిల్‌కి రెండుసార్ల చొప్పున ఆరు సైకిళ్లంటే 12 సార్లు. అన్నిసార్లూ చేతి నరాలమీదే ఆధారపడటం నాకు నచ్చడం లేదు, ఆ మందుల్లో డకార్బజీన్ నరాన్ని మండిస్తుంది. కీమో పోర్టు గురించి డాక్టర్‌ని అడుగు. అది మందు ఎక్కించడానికి వాడే చిన్న డబ్బీ, చిన్న ఆపరేషన్‌తో ఛాతీ మీద చర్మం కింద పెడతారు. తర్వాత కూడా సూది తప్పదు, కానీ నరం కోసం వెతుకులాట ఉండదు. క్రీము కూడా అక్కడ బాగా పనిచేస్తుంది. పోర్టు ఉన్నా లేకపోయినా జ్వరం 100.4కి చేరితే తెల్లారేదాకా ఆగకుండా ఆసుపత్రికి పరుగెత్తాలి.

ఒక్కటి మాత్రం గట్టిగా చెబుతున్నాను. నీ కీమో మందుల్లో ఎర్రగా ఉండేది ఎక్కుతున్నప్పుడు సూది చోట మండినా, వాచినా, లాగినట్టున్నా ఆ క్షణమే సిస్టర్‌ని పిలువు. అటువైపు చూడకపోతే పర్వాలేదు, ఓర్చుకుని మాట్లాడకుండా మాత్రం ఉండకు. ఆ మందు నరం బయటికి కారితే లోపలి కండ దెబ్బతింటుంది.

ముందురోజు రాత్రి నిద్ర పట్టకపోయినా, ఆసుపత్రి వాసన తలచుకుంటేనే వాంతి వచ్చినా అదీ డాక్టర్‌కి చెప్పు. దానికి మాత్రలున్నాయి, నీ అంతట నువ్వు కొనుక్కోవద్దు. అవి వేసుకున్న రోజు బండి నడపకు. మాట్లాడే మనిషి కావాలంటే అడయారు క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్‌లాగా పెద్ద ఆసుపత్రుల్లో కౌన్సెలర్లుంటారు. ప్రభుత్వం పెట్టిన టెలీ మానస్ నంబరు 14416, తెలుగులోనూ మాట్లాడొచ్చు, డబ్బు కట్టక్కర్లేదు.

సరితని నీ రెండోవైపు నిలబడమను. "ఏం కాదు, ఏం కాదు" అనకుండా పిల్లవాడి స్కూలు కబుర్లు చెప్పమను.

మంగళవారం పొద్దున ఏడింటికి నేను మీ ఇంటికొస్తాను, ముగ్గురం కలిసి ల్యాబుకి వెళదాం. సీబీసీకి, అంటే రక్తకణాలు లెక్కపెట్టే ఈ పరీక్షకి, పరగడుపు అక్కర్లేదు, రెండు ఇడ్లీలు తిను. చేతులు పైకి మడుచుకునే వదులు చొక్కా వేసుకో. అక్కడ పడుకోవడానికి బల్ల ఉందో లేదో రేపు నేనే ఫోన్ చేసి కనుక్కుంటాను.

మీ అత్త