సూర్యలంకలో జారే స్కిమ్‌బోర్డు మంగినపూడిలో ఎందుకు ఆగిపోతుంది?

మీరు రెండు విషయాలు అడిగారు. విజయవాడ నుంచి పొద్దున బయలుదేరి రాత్రికి ఇల్లు చేరగలిగే దూరంలో స్కిమ్‌బోర్డింగ్‌కు, అంటే ఒడ్డున పలుచని నీటి మీద పలకను వదిలి, పరుగెత్తి దాని మీదికెక్కి జారే ఆటకు, అనువైన బీచ్ ఏదన్నది మొదటిది. మచిలీపట్నం దగ్గరి మంగినపూడిలో మీ బోర్డు నాలుగు బారలు కూడా జారకుండా ఎందుకు ఆగిపోయిందన్నది రెండవది. నేను గుంటూరు వాడిని. చెన్నైలో ఉద్యోగం చేసిన రోజుల్లో కోవళం తీరంలో ఈ ఆట నేర్చుకున్నాను. సొంత ఊరికి తిరిగి వచ్చాక ఆరేళ్లుగా మన తీరంలోనే ఆడుతున్నాను. రెండవ ప్రశ్నకు జవాబు తెలిస్తే మొదటిదానికి సగం జవాబు దొరికినట్టే కాబట్టి అక్కడి నుంచే మొదలుపెడతాను.

స్కిమ్‌బోర్డు ఇసుక మీద జారదు, ఇసుకకూ బోర్డుకూ మధ్య నిలిచిన పలుచని నీటిపొర మీద జారుతుంది. ఆ పొర ఒకటి రెండు సెంటీమీటర్ల మందం ఉంటే చాలు. అంతకన్నా పలచబడితే బోర్డు అడుగు ఇసుకను రాచుకుని ఒక్కసారిగా ఆగుతుంది, మరీ లోతైతే నీరే వేగాన్ని తినేస్తుంది. అందువల్ల అల వెనక్కి వెళ్లిన తరువాత ఆ నీరు ఎంతసేపు ఇసుక పైన నిలుస్తుందన్నదే అసలు సంగతి, దానిని నిర్ణయించేది ఇసుక రేణువు పరిమాణం. ముతక ఇసుకలో నీరు క్షణాల్లో కిందికి ఇంకిపోతుంది, పైగా ముతక ఇసుక ఉన్న చోట ఒడ్డు నిటారుగా ఉంటుంది. సన్నని ఇసుకలో నీరు నెమ్మదిగా ఇంకుతుంది, ఒడ్డు పళ్లెంలా వాలుతుంది, తడిసినప్పుడు రేణువులు ఒకదానికొకటి బిగిసి నేల గట్టిపడుతుంది. సన్నని ఇసుకను దాటి ఒండ్రు దాకా వెళ్తే మాత్రం మళ్లీ చిక్కే. మంగినపూడిలో జరిగింది అదే. అక్కడ ఇసుక కన్నా నల్లని ఒండ్రుమట్టి ఎక్కువ. నీరు చాలా దూరం వరకు లోతు లేకుండా ప్రశాంతంగా కనిపిస్తుంది కాబట్టి కొత్తవారికి ఇంతకన్నా మంచి చోటు ఉండదనిపిస్తుంది. కానీ పరుగెత్తే పాదం మెత్తటి నేలలో దిగబడుతుంది, కావలసిన వేగం రాదు, వచ్చిన కొద్దిపాటి వేగాన్నీ బోర్డు అడుగున అంటుకునే బురద లాగేస్తుంది. కుటుంబంతో స్నానానికి వెళ్లడానికి ఆ తీరం నాకు ఇష్టమే, బోర్డును మాత్రం నేను రెండుసార్లు తీసుకువెళ్లి తరువాత మానుకున్నాను. కాబట్టి మీ బోర్డులో లోపం ఉందని అనుకోకండి.

ఈ ఆటలో రెండు రకాలున్నాయని కూడా ముందే తెలుసుకోవాలి, ఎందుకంటే ఒకదానికి మంచిదైన తీరం రెండవదానికి పనికిరాదు. సమతలపు తడి ఇసుక మీద దూరం జారుతూ బోర్డును తిప్పడం ఒకటి. ఒడ్డు మీదే విరిగే అలకు ఎదురు వెళ్లి, దాని మీద తిరిగి వెనక్కి రావడం రెండవది. గత శతాబ్దం 1920ల ప్రాంతంలో కాలిఫోర్నియాలోని లగూనా బీచ్‌లో రక్షణ సిబ్బంది చెక్క పలకలతో మొదలుపెట్టిన ఈ ఆట తరువాత అక్కడి నిటారు ఒడ్డు వల్ల అలల ఆటగా పెరిగింది, వీడియోలలో మనకు ఎక్కువగా కనిపించేది అదే. కృష్ణా డెల్టాకు అటూ ఇటూ ఉన్న మన తీరం అందుకు తగినది కాదు. విశాఖ వైపు ఒడ్డు చాలాచోట్ల నిటారుగా ఉండి అల ఒడ్డు మీదే బలంగా విరుగుతుంది, అయితే ఏటా ప్రాణాలు తీసే నీరు కూడా అదే. సమతలపు ఆటలో కనీసం ఒక సంవత్సరం గడిపిన తరువాతే, అక్కడి సర్ఫింగ్ తెలిసినవారిని వెంటబెట్టుకుని వెళ్లడం మంచిదని నా అభిప్రాయం. సమతలపు ఆటకు మాత్రం మనం అదృష్టవంతులం.

నేను మీకు గట్టిగా సిఫారసు చేసేది సూర్యలంక. గుంటూరు నుంచి పొన్నూరు మీదుగా బాపట్లకు, అక్కడి నుంచి మరో 9 కిలోమీటర్లు వెళ్తే చేరుకుంటారు. విజయవాడ నుంచి అయితే తెనాలి మీదుగా బాపట్లకు రైలులో వచ్చి, స్టేషన్ దగ్గర ఆటో మాట్లాడుకోవచ్చు. ఇసుక సన్నగా, ఒడ్డు విశాలంగా ఉంటుంది. కానీ సూర్యలంక బాగుంటుందన్న ఒక్క మాట నమ్మి వెళ్లి నేను మొదటిసారి పూర్తిగా భంగపడ్డాను. అది ఒక మాఘ పౌర్ణమి, ఉదయం తొమ్మిది గంటల సమయం. స్నానాలకు వచ్చిన జనం ఒడ్డంతా నిండి ఉన్నారు, నీరు పొడి ఇసుక దాకా ఎక్కి ఉంది, తడి ఇసుక పట్టుమని పది అడుగులు కూడా లేదు. జనం తక్కువున్న చోటు వెతుక్కుని పరుగు తీస్తే, బోర్డు మెత్తటి ఇసుకలో ముక్కు గుచ్చుకుని ఆగిపోయింది, నేను ముందుకు ఎగిరి చేతుల మీద పడ్డాను. మణికట్టు మూడు వారాలు కట్టులో ఉంది. అక్కడ వల బాగుచేసుకుంటున్న ఒక పెద్దాయన దగ్గరకు వచ్చి నన్ను లేపి కూర్చోబెట్టి, "ఇప్పుడు పోటు మీదుంది బాబూ, పాటు తీశాక మధ్యాన్నం చూడు, నీ చెక్కకు ఎంత నేల కావాలంటే అంత ఉంటది" అన్నారు. ఆ మధ్యాహ్నం చేయి నొప్పితోనే కూర్చుని చూశాను. మూడు గంటలకు అదే చోట నీరు వెనక్కి తగ్గి, అద్దం పరిచినట్టు తడి నేల బయటపడింది.

అప్పటి నుంచి నేను బీచ్ పేరు కన్నా ముందు తిథి చూసుకుంటాను. మన తీరంలో రోజుకు రెండు పోట్లు (నీరు ఒడ్డు మీదికి ఎక్కడం), రెండు పాట్లు (నీరు వెనక్కి దిగడం) వస్తాయి, ఒక పోటుకూ మరో పోటుకూ మధ్య సుమారు 12 గంటల 25 నిమిషాలు పడుతుంది, కాబట్టి ప్రతి రోజూ వేళ దాదాపు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది. పౌర్ణమి, అమావాస్యల్లో, వాటి తరువాతి రెండు మూడు రోజుల్లో పోటుకూ పాటుకూ ఎత్తులో తేడా ఎక్కువ. మన దగ్గర అది ఒక మీటరు పైచిలుకు ఉంటుంది. వినడానికి తక్కువే అనిపించినా, యాభై అడుగులకు ఒక అడుగు దిగే వాలు ఉన్న ఒడ్డులో ఆ ఒక్క మీటరు 50 మీటర్ల వెడల్పున తడి ఇసుకను బయటపెడుతుంది. అష్టమి ప్రాంతంలో ఆ తేడా బాగా తగ్గిపోతుంది, నేల కూడా అంతే తగ్గుతుంది. ఇక వేళ విషయానికి వస్తే, పౌర్ణమికీ అమావాస్యకూ మన వైపు పోటు ఉదయం ఎనిమిదిన్నర, తొమ్మిది గంటల ప్రాంతంలోనూ, పాటు మధ్యాహ్నం మూడు గంటల ప్రాంతంలోనూ ఉంటాయి. మధ్యాహ్నపు ఎండలో ఆడడం కష్టం. రోజుకు 50 నిమిషాల చొప్పున లెక్క వేసుకుంటే తదియ నాటికి పాటు సాయంత్రం ఐదున్నరకు, చవితి, పంచమి నాటికి తెల్లవారి ఆరు, ఏడు గంటల మధ్యకు చేరుతుంది. నేల ఇంకా విశాలంగానే ఉంటుంది, ఎండ ఉండదు, తెల్లవారి పూట సముద్రపు గాలి లేవదు కనుక నీరు కూడా నున్నగా ఉంటుంది. నా దృష్టిలో నెలలో మనకు దొరికే మేలైన రోజులు అవే. ఇది తిథిని బట్టి వేసుకునే ఉజ్జాయింపు లెక్క మాత్రమే, బయలుదేరే ముందు పోటుపాట్ల పట్టికలో సరిచూసుకోవాలి. హైదరాబాదులోని ఇన్‌కాయిస్ సంస్థ విడుదల చేసే సముద్ర స్థితి సూచనలు, అలల హెచ్చరికలు కూడా తప్పక చూడండి, హెచ్చరిక ఉన్న రోజున ఇల్లు కదలకండి.

పాటు తీయడం మొదలైన తరువాత, పూర్తిగా దిగడానికి గంటన్నర ముందు నుంచి, తిరిగి ఎక్కడం మొదలైన గంట వరకు నేల ఆడదగినట్టు ఉంటుంది. ఆ సమయంలో కూడా ఒడ్డంతా ఒకేలా ఉండదు కాబట్టి బోర్డు కింద పెట్టి, ముందు చెప్పులు విడిచి ఒక కిలోమీటరు నడవండి. అడుగు వేయగానే పాదం చుట్టూ ఇసుక ఒక్క క్షణం తెల్లబారి ఆరినట్టు కనిపిస్తే ఆ నేల బిగువుగా ఉన్నట్టు. మడమ అర అంగుళం కన్నా లోతుగా దిగితే అక్కడ ఆడకండి. తరువాత అల వెనక్కి పోయిన చోట చూపు నిలిపి ఒకటి నుంచి పది వరకు లెక్కపెట్టండి. పది వచ్చేదాకా నేల మీద తళుకు నిలిచి ఉంటే బోర్డు చక్కగా జారుతుంది, మూడు నాలుగుకే తళుకు పోతే ముతక ఇసుక అని అర్థం. మూడవది, ఒడ్డుకు సమాంతరంగా ఇసుక తిన్నె ఉండి, దాని వెనుక చీలమండ లోతున నీరు నిలిచిన మడుగు కనిపిస్తే అక్కడే ఆగిపోండి. అలల తాకిడి లేని ఆ నీటి మీదే నేను ఇద్దరు మేనల్లుళ్లకు ఈ ఆట నేర్పాను. ఈ మడుగులు ప్రతి పక్షానికీ చోటు మారుతుంటాయి.

ఇంట్లో కూర్చుని కూడా కొంత వెతకవచ్చు. గూగుల్ ఎర్త్‌లో తీరం చూస్తున్నప్పుడు తెల్లని నురుగు గీతలు ఒకదాని వెనుక ఒకటి మూడు నాలుగు కనిపిస్తే అక్కడ నేల మెల్లగా వాలుతోందని, ఒడ్డును ఆనుకుని ఒకే ఒక మందపాటి గీత ఉంటే వాలు నిటారుగా ఉందని తెలుస్తుంది. పాత సంవత్సరాల చిత్రాలను కూడా తిప్పి చూస్తే, కృష్ణ సముద్రంలో కలిసే హంసలదీవి వైపు ఇసుక మేటలు ఎంతగా రూపం మార్చుకుంటాయో గమనించవచ్చు. ఆ సంగమం చూడడానికి అపురూపమైన చోటు. ఒకసారి అక్కడ గట్టి నేల కూడా దొరికింది. కానీ నది మొగ దగ్గర ప్రవాహం ఏ క్షణాన ఎటు లాగుతుందో చెప్పలేం, అటవీ ప్రాంతం కావడంతో రాకపోకలకు వేళలు కూడా ఉంటాయి. సంగమం దగ్గర మీరు బోర్డు దించవద్దనే నా సలహా. చీరాల దగ్గర వాడరేవు, రామాపురం కూడా చూశాను. వాడరేవులో పడవలు, వలల తాళ్లు ఎక్కువ, వేట ముగించి వచ్చే వారి పనికి మన పరుగు అడ్డం కాకూడదు. రామాపురం ఒడ్డు నేను వెళ్లిన రోజుల్లో సూర్యలంక కన్నా కాస్త నిటారుగా ఉంది. ఒకటి రెండు చోట్ల నేల బాగానే ఉంది.

కాలం విషయంలో సంక్రాంతి నుంచి ఉగాది వరకు మంచిది. జూన్ నుంచి అలలు బలపడి ఒడ్డు ఇసుకను కోస్తాయి, అక్టోబరు నుంచి డిసెంబరు వరకు తుపానుల భయం, కార్తీకంలో జనం. ఆ మంచి కాలంలోనే ఆలివ్ రిడ్లే తాబేళ్లు ఒడ్డుకు వచ్చి పొడి ఇసుకలో గుడ్లు పెడతాయి. మన ఆట తడి ఇసుక మీదే కాబట్టి వాటికి ఇబ్బంది ఉండదు, బండ్లు పొడి ఇసుక మీదికి ఎక్కించడం, రాత్రి మంటలు వేయడం మాత్రం దయచేసి చేయకండి.

ప్రమాదం గురించి ఒక మాట గట్టిగా చెప్పాలి. సూర్యలంకలో మునిగి చనిపోయిన వారి వార్తలు మనం ఏటా చదువుతూనే ఉన్నాం. అక్కడ అలలు విరగని సందు ఒకటి మధ్యలో కనిపించి, ఇసుక కలిసిన నీరు లోపలికి పోతుంటే, ప్రశాంతంగా ఉందనిపించే ఆ చోటే మనిషిని లోపలికి లాగేది. స్కిమ్‌బోర్డు తేలడానికి పనికివచ్చే వస్తువు కాదు, ఈత వచ్చినా మోకాలు లోతు దాటవద్దు. పడడం తప్పదు కనుక చేతులు నేలకు ఆనించకుండా భుజం మీదుగా దొర్లడం ముందే పొడి ఇసుకలో సాధన చేయండి. బోర్డును దూరంగా విసిరి రెండు కాళ్లతో దాని మీదికి దూకడం నా మణికట్టు దెబ్బకు రెండవ కారణం. బోర్డును నీటిపొర మీద చదునుగా వదిలి, దాని వేగానికి సమంగా పరుగెత్తుతూ ఒక కాలి తరువాత ఒక కాలు మోపాలి.

మీ బోర్డు ప్లైవుడ్‌ది అని రాశారు, సమతలపు ఆటకు అదే సరైనది. నాదీ గుంటూరులో వడ్రంగి చేత 12 మిల్లీమీటర్ల మెరైన్ ప్లై మీద చేయించుకున్నదే. అంచులకు వార్నిష్ పోయి ఉంటే మళ్లీ పూయించండి, లేకపోతే ఉప్పునీరు పొరల్లోకి దిగి ముక్కు దగ్గర విడిపోతుంది. మొదటిసారికి వచ్చే బహుళ చవితిని ఎంచుకుని, తెల్లవారి ఆరు గంటలకల్లా సూర్యలంకలో ఉండేలా ముందు రాత్రే బాపట్లకు చేరుకోండి. జనం దిగే చోటు నుంచి ఒడ్డు వెంబడి కనీసం అర కిలోమీటరు పక్కకు నడిచి, అక్కడ మడుగు కోసం వెతకండి.