ఫోక్‌లోర్ అంటే జానపద పాటలేనా?

కాదు, ఒక సమూహం విని, చూసి నేర్చుకుంటూ తరతరాలుగా అందించుకునే విజ్ఞానమంతా ఫోక్‌లోరే. పాట అందులో ఒక పాయ. ఫోక్ అంటే జనం, లోర్ అంటే వాళ్లకు సంప్రదాయంగా అబ్బిన తెలివిడి. 1846లో ఇంగ్లండుకు చెందిన విలియం థామ్స్ ఈ రెంటినీ కలిపి ఒక మాట చేశాడు. తెలుగులో దీనికి స్థిరపడిన మాట 'జానపద విజ్ఞానం'. జనపదం అంటే జనం ఉండే చోటు, దానికి చెందింది జానపదం. 'జానపద సాహిత్యం' అంటే కథ, సామెత, పొడుపుకథ వంటి మాటరూపాలు మాత్రమే.

జోలపాటనే చూడండి. పాట సాహిత్యం, ఊయల కట్టే పనితనం వస్తు సంస్కృతి (జనం చేసుకునే వస్తువులు, వాటి తయారీ తీరు), బిడ్డకు దిష్టిచుక్క పెట్టడం నమ్మకం. సేకరించేవాళ్లు చాలాసార్లు మాటలే రాసుకుంటారు. పాట బాణీ, సందర్భం, పాడినవాళ్ల వివరం లేకపోతే సగం పోయినట్టే.

పాతదో పల్లెదో అయితేనే జానపదమనుకోవడం పొరపాటు. నోట నోట మారుతూ పాఠాంతరాలు, అంటే ఒకేదానికి వేర్వేరు రూపాలు, పుట్టడమే అసలు గుర్తు, అందుకే నిన్న నగరంలో పుట్టిన పుకారు కథ కూడా జానపదమే. రాజకుమారులు, మాంత్రికులు ఉండే 'జానపద సినిమా' మాత్రం చాలావరకు రచయిత కల్పన, ఆ పేరు వాడుకగా వచ్చిందే.