సీ ప్రోగ్రామ్ అవుట్‌పుట్‌ని ఫైల్‌లోకి మళ్లిస్తే ఒకే లైన్ రెండుసార్లు పడుతోందా?

మీ సీ ప్రోగ్రామ్‌లో ఇలా ఎందుకవుతోందని అడిగారు. మీరు తప్పంతా ఫోర్క్‌ది (నడుస్తున్న ప్రోగ్రామ్‌కి నకలు తయారుచేసే ఫంక్షన్) అంటున్నారు గానీ, కిటుకు బఫర్‌లో (రాసినదాన్ని బయటికి పంపేముందు కాసేపు దాచే మెమరీ) ఉందండి. ప్రింట్‌ఎఫ్ (అవుట్‌పుట్ రాసే ఫంక్షన్) వాడి, న్యూలైన్‌తో (లైన్ ముగింపు గుర్తు) సహా "మొదలు" అని రాసి, వెంటనే ఫోర్క్ పిలిచారు. టెర్మినల్‌లో ఒక్కసారే కనిపిస్తోంది, ఫైల్‌లో చూస్తే రెండున్నాయి.

ఎస్‌టీడీఅవుట్ (ప్రోగ్రామ్ మామూలు అవుట్‌పుట్ వెళ్లే దారి) టెర్మినల్‌కి వెళ్తున్నప్పుడు లైన్ బఫరింగ్‌లో ఉంటుంది, న్యూలైన్ రాగానే ఖాళీ అవుతుంది. ఫైల్‌కో పైప్‌కో (ఇంకో ప్రోగ్రామ్‌కి అందించే దారి) మళ్లించారంటే పూర్తి బఫరింగ్‌కి మారిపోతుంది. ఇక న్యూలైన్‌ని పట్టించుకోదు. బఫర్ నిండేదాకా, అంటే లైనక్స్‌లో సాధారణంగా 4096 బైట్లు, మీ "మొదలు" మెమరీలోనే కూర్చుంటుంది. ఫోర్క్ ఆ మెమరీని కూడా కాపీ చేస్తుంది కదా! పేరెంట్ (అసలు ప్రోగ్రామ్) ముగిసేటప్పుడు ఒకసారి, చైల్డ్ (దాని నకలు) ముగిసేటప్పుడు ఇంకోసారి అదే లైన్ బయటపడుతుంది. డీబగ్గర్‌లో ఎంత వెతికినా దొరకదు, నేనూ ఒక రాత్రి పోగొట్టుకున్నాను.

ఫోర్క్‌కి ముందు లైన్‌లో ఎఫ్‌ఫ్లష్(ఎస్‌టీడీఅవుట్) పెట్టండి, అది బఫర్‌ని వెంటనే ఖాళీ చేస్తుంది, చాలు. ప్రోగ్రామ్ అంతటా లైన్ బఫరింగే కావాలంటే సెట్‌విబఫ్ (బఫరింగ్ పద్ధతిని మార్చే ఫంక్షన్) ఉంది, కానీ మొదటి ప్రింట్‌ఎఫ్ కన్నా ముందే పిలవాలి. దానికి బఫర్‌గా మెయిన్‌లోని (ప్రోగ్రామ్ మొదలయ్యే ఫంక్షన్) లోకల్ అర్రే ఇవ్వొద్దు, నల్ (ఏ అర్రే ఇవ్వట్లేదని అర్థం) ఇవ్వండి. మెయిన్ నుంచి బయటికొచ్చాకే ఆఖరి ఫ్లష్ జరుగుతుంది, అప్పటికి ఆ అర్రే ఉండదు.

అన్నట్టు, స్కాన్‌ఎఫ్ (ఇన్‌పుట్ చదివే ఫంక్షన్) తర్వాత, మిగిలిన ఇన్‌పుట్‌ని తుడిచేయడానికి ఎఫ్‌ఫ్లష్(ఎస్‌టీడీఇన్) అని రాశారు; ఎస్‌టీడీఇన్ అంటే మామూలు ఇన్‌పుట్ వచ్చే దారి. అది తీసేయండి. ఇన్‌పుట్ స్ట్రీమ్ మీద ఎఫ్‌ఫ్లష్ ఏం చేస్తుందో సీ ప్రమాణం నిర్వచించలేదు. న్యూలైన్ గానీ ఈఓఎఫ్ (ఇన్‌పుట్ అయిపోయిందనే గుర్తు) గానీ వచ్చేదాకా గెట్‌చార్‌తో (ఒక్కో అక్షరం చదివే ఫంక్షన్) చదివి పారేయండి.