ప్రత్యక్ష ముప్పు, పరోక్ష ముప్పు: తేడా ఎలా తేల్చాలి?

మిత్రదేశం మీద దాడి జరిగితే అది మనకు ప్రత్యక్ష ముప్పా, పరోక్ష ముప్పా అని అడిగారు. నేను అంతర్జాతీయ సంబంధాలు బోధిస్తాను, ఏ బ్యాచ్ వచ్చినా ఈ ప్రశ్న దగ్గర పేచీ తప్పదు. చాలామంది ఆయుధాన్ని బట్టి తేల్చేస్తారు: క్షిపణి అయితే ప్రత్యక్షం, సైబర్ దాడి అయితే పరోక్షం. అలా కుదరదు.

బోర్డు మీద ఎడమ చివర ముప్పు తెచ్చేవాణ్ణి, కుడి చివర మనకు జరిగే నష్టాన్ని రాయిస్తాను. ఆ నష్టం మనదాకా రావాలంటే మధ్యలో ఇంకెవరెవరు ఏ నిర్ణయం తీసుకోవాలో విద్యార్థులే నింపాలి. మధ్యలో ఏమీ లేకపోతే ప్రత్యక్ష ముప్పు, నిర్ణయాల గొలుసు ఉంటే పరోక్షం. అమెరికా వైపు నుంచి చూస్తే, 1962లో క్యూబాలో పెట్టిన సోవియట్ క్షిపణులకైతే మధ్యలో రాయడానికేమీ ఉండదు. 1954లో అమెరికా అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ చెప్పిన డామినో వాదానికి బోర్డు చాలదు. ఇండోచైనా (వియత్నాం, లావోస్, కంబోడియా) కమ్యూనిస్టుల చేతికి పోతే చుట్టుపక్కల మిగతా దేశాలూ వరసగా పోతాయన్నది ఆ వాదం. 1975లో దక్షిణ వియత్నాం, కంబోడియా, లావోస్ కమ్యూనిస్టుల చేతికి వెళ్లాయి, పక్కనే ఉన్న థాయ్‌లాండ్ వెళ్లలేదు. అక్కడి నిర్ణయాలు అక్కడివాళ్లవి మరి. ఇంత గొలుసు చూపిస్తే నిధులు రావు కాబట్టే నాయకులు పరోక్ష ముప్పును గుమ్మంలో శత్రువులా చూపిస్తారని నా అనుమానం.

2017 నాటి నాట్‌పెట్యా అనే కంప్యూటర్ వైరస్ దగ్గర క్లాసులో గొడవ మొదలవుతుంది. ఉక్రెయిన్ పన్నుల సాఫ్ట్‌వేర్ అప్‌డేట్‌లో దాన్ని వదిలితే, డెన్మార్క్ షిప్పింగ్ కంపెనీ మెర్స్క్ దాదాపు 45,000 కంప్యూటర్లను మళ్లీ సిద్ధం చేసుకోవాల్సి వచ్చింది. మధ్యలో ఎవరి నిర్ణయమూ లేదు, కానీ గురి డెన్మార్క్ కాదు. అందుకే రెండో ప్రశ్న కూడా వేయాలి: గురి ఎవరి మీద? కొట్టేవాడి లెక్కలోనే మనం లేనప్పుడు ప్రతీకారం పేరుతో బెదిరించి లాభం లేదు, బ్యాకప్‌లే దిక్కు. (ఘానాలో కరెంటు పోయి ఆగి ఉన్న ఒక సర్వర్ బతికి బయటపడబట్టే మెర్స్క్ నెట్‌వర్క్ మళ్లీ లేచింది!)

మిత్రదేశం సంగతికొస్తే, అది మౌలికంగా పరోక్ష ముప్పే. ఒప్పందం ఆ గొలుసును కుదిస్తుంది, చెరిపెయ్యదు. ఒక్కరి మీద దాడి అందరి మీద దాడేనని నాటో సైనిక కూటమి ఒప్పందంలోని అయిదో అధికరణం అంటుంది. అవసరమని తమకు తోచిన చర్య తీసుకునే వెసులుబాటు సభ్య దేశాలకు అదే అధికరణం ఇస్తుంది. దాన్ని ఇప్పటిదాకా ప్రయోగించింది ఒక్కసారే, 2001 సెప్టెంబరు 11 దాడుల తర్వాత.