ఖరీదైన క్రీముల్లో దేన్ని మానాలి?

ప్రశ్న: ఇంటద్దె, పిల్లల ఫీజులు పెరిగాయి. ఫేస్‌వాష్, టోనర్, విటమిన్ సి సీరమ్, నైట్ క్రీమ్, సన్‌స్క్రీన్ అన్నీ ఖరీదైనవే వాడుతున్నాను. చర్మం పాడవకుండా వేటిని తగ్గించుకోవచ్చు?
– ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: ముందు ఫేస్‌వాష్ మార్చండి. నిమిషంలో నీళ్లతో పోయేదానికి వందలు పోయడం దండగ. సువాసన లేని మామూలు రకం చాలు. టోనర్ మానేయొచ్చు. నైట్ క్రీమ్ బదులు గ్లిజరిన్, పెట్రోలేటం (వాజెలిన్‌లో ఉండేది) ఉన్న చవక మాయిశ్చరైజర్ కూడా తేమను బాగానే పట్టి ఉంచుతుంది. కొనేటప్పుడు మిల్లీలీటరు ధర లెక్కేయండి: 50 మి.లీ. 600 రూపాయలంటే మి.లీ.కు 12.

విటమిన్ సి సీరమ్ గాలి, వెలుతురు తగిలితే పాడవుతుంది. ముదురు గోధుమరంగుకు తిరిగితే పని అయిపోయినట్టే. అందుకే పెద్ద సీసా లాభమనుకోకండి.

సన్‌స్క్రీన్ మాత్రం ఆపొద్దు. చవకదైనా సరే, ఎస్‌పీఎఫ్ (ఎండ నుంచి ఎంత రక్షణో చెప్పే అంకె) 30కి తగ్గకూడదు. చూపుడు వేలు, మధ్య వేలు పొడవునా రెండు గీతలు పిండితే ముఖానికీ మెడకీ సరిపోతుంది. పొదుపని బఠాణీ గింజంత రాస్తే ట్యూబు మీద రాసిన రక్షణ దక్కదు.

ఒక్కటి గట్టిగా చెబుతున్నాం. మందుల షాపులో చవగ్గా దొరికే ‘తెల్లబడే’ ట్యూబుల జోలికి వెళ్లకండి. వెనక క్లోబెటసాల్, బీటామెథసోన్, మోమెటసోన్ అని ఉంటే అది స్టిరాయిడ్. మొదట ముఖం మెరుస్తుంది. తర్వాత చర్మం పలచబడి, మొటిమలు లేస్తాయి. ఆపగానే ఎర్రబడి మండుతుంది. ఇప్పటికే వాడుతుంటే చర్మవైద్యులను కలవండి.

అన్నీ ఒకేసారి మార్చకండి. రెండు వారాలకు ఒకటి చొప్పున మారిస్తే, ఏది పడలేదో తెలుస్తుంది.