పదేళ్ల పిల్లకు కరానా కథ చదివించవచ్చా?

‘ఐలండ్ ఆఫ్ ది బ్లూ డాల్ఫిన్స్’ నవలలో పన్నెండేళ్ల కరానా దీవిలో ఒంటరిగా ఏళ్లకేళ్లు బతకడం నమ్మేలా ఉందా, పదేళ్ల కూతురి చేత చదివించవచ్చా అని అడిగారు. నిస్సందేహంగా చదివించండి. కథకు ఆధారం నిజంగా జరిగినదే. కాలిఫోర్నియా తీరానికి దూరంగా ఉన్న శాన్ నికోలస్ దీవి నుంచి 1835లో అక్కడివాళ్లను ఓడలో తరలించినప్పుడు ఒక స్త్రీ వెనకబడిపోయింది. 1853లో వేటగాడు జార్జ్ నిడెవర్ బృందం కంటపడేదాకా అక్కడే ఉంది. తీరంలోని శాంటా బార్బరా పట్టణానికి తెచ్చిన ఏడు వారాలకే చనిపోయింది. అయితే ఆమె చిన్నపిల్ల కాదు. పన్నెండేళ్ల పిల్లను చేసింది 1960లో నవల రాసిన స్కాట్ ఓడెల్.

మేముండేది కాలిఫోర్నియాలోనే. ఇక్కడ చాలా బడుల్లో నాలుగో తరగతి పిల్లల చేత ఈ పుస్తకం చదివిస్తారు. మా అమ్మాయి వంతు వచ్చినప్పుడు నేనూ పక్కన కూర్చున్నాను. సాహసాలకన్నా మా ఇద్దరికీ బాగా పట్టుకున్నది కంచె కట్టే ఘట్టం. కరానా తిమింగలం పక్కటెముకలు వరసగా పాతి, వాటిని కట్టడానికి ఏం వాడాలా అని ఆలోచిస్తుంది. సీల్ అనే సముద్రజంతువు నరాలైతే గట్టిగా ఉంటాయి, కానీ జంతువులు వాటిని ఇష్టంగా కొరుక్కు తింటాయి, కంచె కూలుతుంది. అందుకని సముద్రపు నాచు తీగలతో కడుతుంది. తమ్ముణ్ని అడవికుక్కలు చంపేసిన పిల్ల, ఆ దుఃఖంలోనే ఇంత ముందుచూపుతో లెక్క వేసుకుంటోంది! ఆ అమ్మాయి గట్టిదనం నాకు అక్కడే కనిపించింది.

ఆడవాళ్లు ఆయుధాలు చేయకూడదన్నది ఆమె తెగ కట్టుబాటు. చేస్తే కీలక సమయంలో అవి విరిగిపోతాయని భయం. ఆ భయం పోయాక చేయలేదు, భయపడుతూనే చేసింది. పడవలో తప్పించుకోబోయినప్పుడూ అంతే. పగులులోంచి నీళ్లు వస్తే బట్ట పీచు చింపి కుక్కింది, ఇక లాభం లేదనిపించాక వెనక్కి తిరిగింది. మొండిగా ముందుకే వెళ్లి ఉంటే మునిగిపోయేదే.

తమ్ముణ్ని చంపిన ఆ అడవికుక్కల గుంపు నాయకుడి సంగతి వేరు. పగబట్టి బాణంతో కొట్టింది. చావుబతుకుల్లో దొరికాక రెండో బాణం ఎందుకు వదల్లేదో తనకే తెలియదంటుంది. దాన్ని మోసుకొచ్చి బతికించి రోంటు అని పేరు పెట్టి పెంచుకుంది. ఇక్కడ రచయిత వివరణ ఇవ్వకపోవడమే మేలు. పిల్లలతో మాట్లాడటానికి దీన్ని మించిన ఘట్టం లేదు.

ఒక్క జాగ్రత్త: తమ్ముడి చావు కథ మొదట్లోనే వస్తుంది. మీ అమ్మాయికి తమ్ముడో చెల్లెలో ఉంటే ఆ అధ్యాయం రాత్రి పడుకునే ముందు వద్దు. పగటిపూట, మీరూ పక్కన ఉండి చదివించండి.